ఎర్రగది ఆట పేరేంటి? పాత ఫ్లాష్ ఆటలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా దాచాలి?

గోదారిగట్టు
ఒక ఆట కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. పేరు గుర్తు లేదు. 2005 ప్రాంతంలో రాజమండ్రిలో నెట్‌సెంటర్‌లో ఆడేవాళ్ళం. ఎర్ర గోడల గది, లోపల మనం ఇరుక్కుపోయి ఉంటాం. మంచం, కర్టెన్, సొరుగుల బల్ల ఉంటాయి. మౌస్‌తో గదంతా నొక్కుకుంటూ పోతే తాళంచెవులూ అవీ దొరుకుతాయి. వాటితో ఎలాగోలా తలుపు తీసుకుని బయటపడాలి. మనిషన్నవాడు కనపడడు.

ఇప్పుడు వెతికితే సగం సైట్లు తెరుచుకోవడం లేదు. తెరుచుకున్నవాటిలో ఆట ఉండాల్సిన చోట బూడిద రంగు డబ్బా, అందులో ప్లగిన్ సపోర్ట్ లేదని ఒక ముక్క. యాభైల నాటి సినిమా పాట కావాలంటే చిటికెలో దొరుకుతోంది. ఇరవై ఏళ్ళ కిందటి ఆట, అంతమంది ఆడింది, దొరకదా? ఎవరూ దాచలేదా? నిజంగా బాధగా ఉంది.

బెజవాడ_బైట్
క్రిమ్సన్ రూమ్. జపాన్‌కి చెందిన తకాగి తొషిమిత్సు చేశారు, 2004లో వచ్చింది. తర్వాత విరిడియన్ రూమ్ అని ఆకుపచ్చ గది కూడా వచ్చింది. అది ఇంకా కష్టం.

కీబోర్డ్_కిట్టు
ఆ గదిలోంచి మా అన్నయ్య బయటపడేలోపే మా అమ్మ వచ్చి మమ్మల్ని నెట్‌సెంటర్‌లోంచి బయటికి లాక్కెళ్ళింది 😄

సత్తెనపల్లి_స్వాతి
ఎవరూ దాచలేదనకండి గోదారిగట్టు గారూ. చాలామంది దాచారు, ఇప్పటికీ దాస్తున్నారు. జీతం లేకుండా, రాత్రుళ్ళు కూర్చుని చేస్తున్న పని అది.

ముందు ఎందుకు ఆగిపోయాయో చెప్తాను. అప్పటి బ్రౌజర్ ఆటల్లో ఎక్కువ భాగం ఫ్లాష్‌లో చేసినవి. ఫైల్ పేరు చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉంటుంది. బ్రౌజర్ దాన్ని తనంతట తాను చదవలేదు, ఫ్లాష్ ప్లేయర్ ప్లగిన్ ఉండాలి, అంటే బ్రౌజర్‌కి విడిగా తగిలించే చిన్న ప్రోగ్రాం. ఐఫోన్‌లోకి ఫ్లాష్ ఎందుకు రానివ్వడం లేదో చెప్తూ 2010లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశారు. ఇక ఆపేస్తామని అడోబ్ 2017 జులైలో ప్రకటించింది. 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ అయిపోయింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆటలు తెరవడం మానేసింది. అంటే మీ ఆట ఫైల్‌కి ఏమీ కాలేదు, దాన్ని నడిపించేది పోయింది.

ఆ లోటు తీర్చడానికి రఫుల్ అనే ఎమ్యులేటర్, అంటే పాత ప్లేయర్ పని తను చేసే ప్రోగ్రాం, వచ్చింది. రస్ట్ భాషలో రాశారు, ప్లగిన్ అక్కర్లేకుండా మామూలు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. పాత వెబ్ పేజీలు, పుస్తకాలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి దాన్నే వాడి పాత ఫ్లాష్ ఆటల్ని తమ సైట్‌లో ఆడిస్తోంది. ముందు అక్కడ వెతకండి. దొరక్కపోతే ఫ్లాష్‌పాయింట్ ఆర్కైవ్ చూడండి. 2018 నుంచి రెండు లక్షలకు పైగా ఆటలు, యానిమేషన్లు పోగు చేశారు. ఫ్లాష్ ఒక్కటే కాదు, షాక్‌వేవ్, జావా, యూనిటీ వెబ్ ప్లేయర్ ఆటలు కూడా. ఇన్ఫినిటీ అనే కూర్పు దింపుకుంటే ఏ ఆట కావాలంటే అదే అప్పటికప్పుడు దిగుతుంది. అల్టిమేట్ జోలికి వెళ్ళకండి, అది టెరాబైట్ దాటుతుంది.

ఓరుగల్లు_కుర్రాడు
ఇంత హంగామా ఎందుకక్కా. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, విండోస్ ఎక్స్‌పీ వేసి, పాత ఫ్లాష్ ప్లేయర్ ఎక్కిస్తే అన్నీ నడుస్తాయి.

బెజవాడ_బైట్
నడుస్తాయి తమ్ముడూ, కానీ ఏ పాత ప్లేయర్ అన్నది ముఖ్యం. 2020లో చివర్లో వచ్చిన వెర్షన్లలో ఆ జనవరి 12 తాళం ముందే పెట్టేశారు. అంతకుముందువి కావాలి. అవి ఏవో సైట్ల నుంచి దింపితే ఆటతో పాటు వైరస్ కూడా వస్తుంది. ఎక్స్‌పీని నెట్‌కి కలపడం అసలే వద్దు. ఇంట్లో పిల్లల కంప్యూటర్ మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి.

ఓరుగల్లు_కుర్రాడు
నెట్ ఆపేసే ఆడతానన్నా. నాకు ఆ పాత కుడి బటన్ మెనూ కావాలి. క్వాలిటీ లో, మీడియం, హై అని ఉండేది చూడు, మెషీన్ మొరాయిస్తే లో పెట్టుకుని ఆడేవాళ్ళం. గీతలన్నీ మెట్లు మెట్లుగా కనపడేవి కానీ ఆట పరుగెత్తేది.

గోదారిగట్టు
దొరికింది! బైట్ గారికి, స్వాతి గారికి చాలా థాంక్స్. రాత్రి ఒంటిగంట దాకా ఆడాను. కానీ ఒకచోట ఆగిపోయాను. గదిలో ఒక చీటీ దొరుకుతుంది, దాని మీద వెబ్‌సైట్ అడ్రస్ ఉంటుంది. అప్పట్లో ఆ సైట్‌కి వెళ్తే నంబరు తాళం తీయడానికి అంకెలు దొరికేవని గుర్తు. ఇప్పుడెలా?

కీబోర్డ్_కిట్టు
నంబరు నాకు తెలుసు, చెప్పేయనా?

పద్మ_డాలస్
వద్దు కిట్టూ! మా అబ్బాయి పక్కనే కూర్చుని ఈ థ్రెడ్ చదువుతూ ఆడుతున్నాడు.

సత్తెనపల్లి_స్వాతి
గోదారిగట్టు గారు అసలు విషయం మీద వేలు పెట్టారు. ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్ దొరికితే ఆట దొరికినట్టే అనుకుంటాం. కానీ ఈ ఆటలో ఒక ముడి విప్పాలంటే ఆట బయట ఉన్న ఒక మామూలు వెబ్ పేజీ కావాలి. ఆ పేజీ పోతే ఆటకి ఒక తలుపు పోయినట్టే. అప్పట్లో ఆడినవాళ్ళు అంకెల్ని ఎక్కడో రాసిపెట్టారు కాబట్టి సరిపోయింది.

పెద్ద ఆటల్లో ఇది ఇంకా ఎక్కువ. మొదటి ఫైల్ లోడింగ్ బార్ మాత్రం చూపించి, లెవెల్స్ ఒక ఫైల్ నుంచి, పాటలు ఇంకో ఫైల్ నుంచి, మాటలు ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ నుంచి తెచ్చుకుంటుంది. మనం మొదటిదాన్ని మాత్రం దాచుకుంటే లోడింగ్ బార్‌నే దాచుకున్నట్టు.

నెట్‌సెంటర్_బాబాయ్
తెనాలిలో 2002 నుంచి నెట్‌సెంటర్ నడిపినవాణ్ణి. ఈ మాటలు వింటుంటే ఆగలేకపోతున్నాను.

ఒక్క కనెక్షన్‌ను అన్ని మెషీన్లకీ పంచేవాణ్ణి. సాయంత్రం కాలేజీ వదిలితే అందరూ ఒకేసారి స్టిక్ క్రికెట్ తెరిచేవాళ్ళు. మూలన కూర్చుని ఎవరైనా ఈమెయిల్ పంపాలంటే పేజీ కదిలేది కాదు, నా మీద అరిచేవాళ్ళు. అందుకని ఒక పని చేశాను. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒకసారి దింపిన ప్రతి ఫైల్‌నూ టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో దాచుకునేది కదా. అందులో ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు సైజు ప్రకారం పేర్చి, పెద్దవి ఏరి, డి డ్రైవ్‌లో పెట్టుకునేవాణ్ణి. వాటన్నిటికీ లింకులతో ఒక పేజీ చేసి, ప్రతి మెషీన్‌లో అదే హోమ్‌పేజీగా పెట్టాను. ఇక నెట్ లేకపోయినా ఆటలు నడిచేవి. కరెంట్ ఉంటే చాలు.

స్టిక్ క్రికెట్‌కి రెండే మీటలు, ఎడమ బాణం, కుడి బాణం. అయినా మా సెంటర్‌లో ముందు అరిగిపోయినవి ఆ రెండే. కీబోర్డు మిగతాదంతా కొత్తదిలా ఉండేది.

కొన్ని ఆటలు మాత్రం నా డి డ్రైవ్ నుంచి తెరిస్తే నల్ల తెర వచ్చి, ఈ ఆట ఫలానా సైట్‌లోనే ఆడాలి అనేవి. అది ఎందుకో అప్పుడు తెలియలేదు. ఎవరైనా చెప్తారా?

బెజవాడ_బైట్
దాన్ని సైట్‌లాక్ అంటారు బాబాయ్ గారూ. ఆట మొదలవగానే తను ఏ అడ్రస్ నుంచి వచ్చిందో చూసుకుంటుంది. అది తన సైట్ కాకపోతే ఆగిపోతుంది. ఆటను ఎత్తుకెళ్ళి వేరే సైట్లవాళ్ళు ప్రకటనల డబ్బు చేసుకోకుండా పెట్టుకున్న కాపలా అది. చేసినవాళ్ళ కోణంలో న్యాయమే. ఇప్పుడు ఆ సైటే లేదు, కాపలా మాత్రం ఉంది.

ఫ్లాష్‌పాయింట్ దీనికి మంచి ఉపాయం చేసింది. మన కంప్యూటర్‌లోనే ఒక చిన్న సర్వర్ నడిపి, ఆట అడిగే పాత అడ్రస్‌లన్నిటికీ తనే జవాబిస్తుంది. ఆట తను 2004 నాటి సైట్‌లోనే ఉన్నాననుకుని ఆడుతుంది. ఫైల్‌ను మార్చరు, కోయరు. స్వాతి గారు చెప్పిన లెవెల్ ఫైళ్ళ గొడవ కూడా దీంతోనే తీరుతుంది, పాత అడ్రస్ ప్రకారం వాటిని కూడా పెడితే చాలు.

విశాఖ_వకీలు
ఒక మాట. సైట్ మూసేస్తే కాపీరైట్ పోదు. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్ళు ఉంటుంది. "పాతది కదా, ఎవరు అడుగుతారు" అన్న ధోరణి ఈ థ్రెడ్‌లో కనపడుతోంది, అది మంచిది కాదు. 2022 ఏప్రిల్‌లో క్లబ్ పెంగ్విన్ అనే పిల్లల ఆన్‌లైన్ ఆటను అభిమానులు మళ్ళీ నడుపుతుంటే లండన్ పోలీసులు ఆ సైట్ మూయించి ముగ్గుర్ని అరెస్టు చేశారు. అసలు ఆటను డిస్నీ 2017లోనే ఆపేసింది. అయినా హక్కు పోలేదు.

నెట్‌సెంటర్_బాబాయ్
వకీలు గారూ, నేను ఆటకి రూపాయి తీసుకోలేదు, గంటకే తీసుకున్నాను.

సత్తెనపల్లి_స్వాతి
చట్టం మీరు చెప్పినట్టే ఉంది, కాదనను. కానీ 60 ఏళ్ళు ఆగి అప్పుడు దాద్దామంటే దాచడానికి ఏమీ మిగలదు. సీడీలు అంతకాలం ఉండవు, హార్డ్‌డిస్కులు ఉండవు. ఆట చేసినవాళ్ళలో చాలామంది అప్పటికి కాలేజీ కుర్రాళ్ళు, వాళ్ళ దగ్గరే కాపీ లేదు. ఫ్లాష్‌పాయింట్ లాభం కోసం నడిచేది కాదు, హక్కుదారు వద్దంటే తీసేస్తారు. నన్నడిగితే చేసినవాళ్ళకి మెయిల్ పెట్టి అడగడం అన్నిటికంటే మంచిది. నేను అడిగినవాళ్ళలో కోప్పడినవాళ్ళు లేరు. తన ఆట ఇంకా ఎవరో వెతుకుతున్నారంటే ఎవరికి సంతోషం ఉండదు?

విశాఖ_వకీలు
అడిగి చేస్తే నాకు అభ్యంతరం లేదు. అడగకుండా సొంత సైట్‌లో పెట్టి ప్రకటనలు వేసేవాళ్ళ గురించే నా మాట.

పద్మ_డాలస్
నా బాధ వేరు. ఫార్మ్‌విల్, ఫేస్‌బుక్‌లో ఆడే పొలం ఆట. 2009లో వచ్చినప్పుడు ఇక్కడ ఒంటరిగా ఉండేదాన్ని, మా అక్క హైదరాబాద్‌లో. నా పంట కోతకు వచ్చే వేళకి నాకు అర్ధరాత్రి, తనకి మధ్యాహ్నం. "నీ బెండకాయలు వాడిపోతున్నాయే, లే" అని ఫోన్ చేసేది. 2020 డిసెంబర్ 31న ఆట మూసేశారు. ఫ్లాష్‌పాయింట్‌లో నా పొలం దొరుకుతుందా?

బెజవాడ_బైట్
దొరకదు అక్కా. మీ పొలం మీ కంప్యూటర్‌లో లేదు, కంపెనీ సర్వర్‌లో ఉండేది. బ్రౌజర్‌లోకి వచ్చింది బొమ్మలు మాత్రమే. సర్వర్ ఆగితే ఎవరు ఏం దాచినా ఆ పొలం తిరిగి రాదు. మీ దగ్గర స్క్రీన్‌షాట్లు ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి, ఆ పొలానికి సంబంధించి మిగిలేవి అవే.

కీబోర్డ్_కిట్టు
అసలు యూట్యూబ్‌లో ఆడిన వీడియోలు ఉన్నాయిగా. చూసుకుంటే సరిపోదా? ఇంత కష్టపడి ఫైళ్ళు వెతకాలా?

ఓరుగల్లు_కుర్రాడు
భోజనం వీడియో చూస్తే కడుపు నిండుతుందా కిట్టూ?

సత్తెనపల్లి_స్వాతి
వీడియో ఒకరు ఆడిన ఒక దారి మాత్రమే చూపిస్తుంది. తప్పు మీట నొక్కితే ఏమవుతుందో అందులో ఉండదు. అయినా వీడియో పనికిరాదనను. సర్వర్ ఆటలకు, పద్మ గారి పొలం లాంటివాటికి, అదే దిక్కు.

గోదారిగట్టు
ఇంకా రెండు మూడు ఆటలు మనసులో ఉన్నాయి. సైట్ల పేర్లు గుర్తున్నాయి, సైట్లు లేవు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు పాత పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సైట్ తెరిస్తే పేజీ వస్తోంది, ఆట రావడం లేదు.

బెజవాడ_బైట్
పేజీలో వెతక్కండి, ఫైళ్ళ జాబితాలో వెతకండి. వేబ్యాక్ మెషీన్‌లో సైట్ పేరు, ఆ తర్వాత ఒక స్లాష్, ఒక నక్షత్రం గుర్తు (*) కొట్టండి. ఆ సైట్ నుంచి వాళ్ళు దాచిన అడ్రస్‌లన్నీ పట్టికలా వస్తాయి. పక్కన ఫిల్టర్ డబ్బా ఉంటుంది, అందులో ఎస్‌డబ్ల్యూఎఫ్ అని కొడితే ఆట ఫైళ్ళే మిగులుతాయి. షాక్‌వేవ్ ఆట అయితే డీసీఆర్ అని కొట్టండి.

దింపేటప్పుడు అడ్రస్‌లో తేదీ అంకెలు పొడవుగా ఉంటాయి చూడండి, వాటి చివర ఇంగ్లీషులో ఐ, డి, అండర్‌స్కోర్ చేర్చండి. అప్పుడు ఆర్కైవ్ వాళ్ళు చేర్చే పట్టీ, మార్పులు ఏవీ లేకుండా అసలు ఫైల్ వస్తుంది.

సత్తెనపల్లి_స్వాతి
దిగిన ఫైల్‌ను ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి మూడు అక్షరాలు చూడండి. ఎఫ్, డబ్ల్యూ, ఎస్ ఉంటే మామూలు ఫ్లాష్. సీ, డబ్ల్యూ, ఎస్ ఉంటే కుదించిన ఫ్లాష్. రెండూ మంచివే. అలా కాకుండా హెచ్‌టీఎంఎల్ అని కనపడితే అది ఆట కాదు, "పేజీ దొరకలేదు" అన్న సందేశాన్నే ఆట పేరుతో దాచారన్నమాట. అప్పుడు పట్టికలో ఇంకా పాత తేదీ పట్టుకోండి.

ఓరుగల్లు_కుర్రాడు
నా పాత స్కోర్లు, సేవ్ చేసిన లెవెల్స్ సంగతి? పాత హార్డ్‌డిస్క్ అటక మీద ఉంది.

బెజవాడ_బైట్
దించు. అప్లికేషన్ డేటాలో మాక్రోమీడియా, దానిలో ఫ్లాష్ ప్లేయర్, దానిలో షేర్డ్ ఆబ్జెక్ట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో అర్థం లేని అక్షరాలతో ఒక ఫోల్డర్, దాని కింద ప్రతి సైట్ పేరుతో ఒక్కో ఫోల్డర్. ఎస్‌ఓఎల్ ఫైళ్ళే నీ స్కోర్లు. సైట్ పేరున్న ఫోల్డర్లతో సహా కాపీ చెయ్యి, ఫైళ్ళు మాత్రమే తీస్తే ఏది ఏ ఆటదో ఆటకే తెలియదు.

నాగమణి_టీచర్
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు ఒకటి అడగాలి. నేను గుంటూరు జిల్లాలో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. 2004లో మా చెల్లెలి కొడుకుతో కలిసి ఫ్లాష్‌లో అక్షరాల ఆట చేశాం. పై నుంచి అక్షరాలు గాలిపటాల్లా దిగుతుంటాయి. కింద ఏనుగు, ఝషం, ఘటం లాంటి బొమ్మలు ఉంటాయి. సరైన బొమ్మ మీద అక్షరం వదిలితే ఆ అక్షరం పలుకుతుంది. ఒక పాఠశాలల వెబ్‌సైట్‌లో పెట్టారు, తర్వాత ఎవరూ చెప్పకుండానే అది తీసేశారు. నా దగ్గర ఒక సీడీ ఉంది. అందులో ఎఫ్‌ఎల్‌ఏ ఫైల్ (ఆట తయారుచేసుకున్న అసలు ఫైల్), ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్ ఉన్నట్టు కవరు మీద రాసి ఉంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనపడేలా చేసే యూనికోడ్ అప్పుడు తెలియదు, డీటీపీ వాళ్ళ అను ఫాంటుతో టైప్ చేశాం. ఇప్పుడా ఫాంటు లేదు. అక్షరాలు కనపడతాయా?

సత్తెనపల్లి_స్వాతి
టీచర్ గారూ, ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే విలువైన పోస్టు మీది. జపాన్ ఆటను ప్రపంచమంతా దాస్తుంది. మీ ఆటను మనం దాచకపోతే ఎవరూ దాచరు.

ఒకటి గుర్తు తెచ్చుకోండి. అక్షరాలు టైప్ చేశాక కంట్రోల్ బీ కొట్టారా? బ్రేక్ అపార్ట్ అంటారు.

నాగమణి_టీచర్
కొట్టాం! రెండుసార్లు కొట్టాలి, ఒకసారికి మాట విడిపోయేది, రెండోసారికి అక్షరం గీతలుగా మారేది. అలా చేయకపోతే స్కూల్ కంప్యూటర్లలో తెలుగు బదులు ఇంగ్లీషు చెత్త వచ్చేది.

సత్తెనపల్లి_స్వాతి
అయితే మీ అక్షరాలు భద్రం. అవి ఇప్పుడు అక్షరాలు కావు, బొమ్మలు. ఏ ఫాంటూ అక్కర్లేదు, ఈ రోజు రఫుల్‌లో తెరిచినా ఝ ఝలాగే కనపడుతుంది. స్కోరు దగ్గర మారే మాటలు ఉంటే మాత్రం, ఫాంటు ఫైల్‌లో కలపకపోతే అవి చెదరవచ్చు.

గోదారిగట్టు
మా పాపకి ఆరేళ్ళు. ఘ, ఝ దగ్గర రోజూ యుద్ధమే. టీచర్ గారూ, ఆ ఆట మాకు కావాలి.

నెట్‌సెంటర్_బాబాయ్
సీడీని మామూలు డ్రైవ్‌లో పెట్టి పదేపదే తిప్పకండి అమ్మా. మా సెంటర్‌లో అలా తిప్పి తిప్పి పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి, చుక్కల్లా వెలుగు అవతలికి వస్తుంటే పూత లేచిపోతోందని అర్థం. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా కాదు.

బెజవాడ_బైట్
బాబాయ్ గారి మాటే నాదీ. ఫైళ్ళు ఒక్కొక్కటి కాపీ చేయకండి. మొత్తం సీడీకి ఒకేసారి ఐఎస్‌ఓ ఇమేజ్, అంటే సీడీ అంతటినీ ఒకే ఫైల్‌గా నకలు, తీయాలి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది. చదవగలిగినదంతా ముందు చదివేసి, చదవలేని చోటికి తర్వాత మళ్ళీ మళ్ళీ వస్తుంది. మీరు ఉండేది గుంటూరు దగ్గరైతే సీడీ తీసుకోవడానికి నేనే వస్తాను, పోస్టులో పంపవద్దు.

నాగమణి_టీచర్
వస్తే సంతోషం బాబూ. ఒక్క సందేహం. అక్షరాలు పలికే గొంతు నాదే. ఆ ధ్వనులు ఎంపీ3లుగా విడిగా ఉండేవి, వెబ్‌సైట్‌లో ఒక ఫోల్డర్‌లో. సీడీలో అవి ఉన్నాయో లేదో తెలియదు.

బెజవాడ_బైట్
వేబ్యాక్‌లో ఆ సైట్ జాబితా తెరిచి ఎంపీ3 అని వడపోశాను. అచ్చుల ఫోల్డర్ మొత్తం ఉంది. హల్లుల్లో చ వరకే ఉంది, ఆ తర్వాతివి వాళ్ళ యంత్రం పట్టుకోలేదు. మిగతావి సీడీలో ఉంటే సరే.

పద్మ_డాలస్
లేకపోతే?

సత్తెనపల్లి_స్వాతి
లేకపోతే టీచర్ గారు మళ్ళీ పలకవచ్చు. కానీ వాటిని పాత ఫోల్డర్‌లో కలపకూడదు. పాతవి ఒకచోట, కొత్తగా పలికినవి వేరేచోట, ఏది ఎప్పటిదో రాసిపెట్టి. ఫ్లాష్‌పాయింట్‌కి పంపేటప్పుడు కూడా ఆట పేరు, చేసినవాళ్ళు, మొదట ఉన్న అడ్రస్ అన్నీ అడుగుతారు, ఒక బొమ్మ, ఒక స్క్రీన్‌షాట్ కూడా ఇవ్వాలి. ఆ కాగితం పని నేను చేస్తాను. వకీలు గారూ, టీచర్ గారూ వాళ్ళ అబ్బాయీ ఇద్దరూ ఒప్పుకుంటున్నట్టు నాలుగు ముక్కలు రాసిస్తారా?

విశాఖ_వకీలు
రాత్రికి పంపుతాను. ఇద్దరి పూర్తి పేర్లు నాకు విడిగా మెసేజ్ చేయండి, ఇక్కడ పెట్టకండి.

నాగమణి_టీచర్
వాడితో మాట్లాడాను, సరేనన్నాడు. వాడి దగ్గర పాత హార్డ్‌డిస్క్ ఒకటి ఉందట, అది కూడా తెస్తాడు. బాబూ, ఆదివారం పదింటికి రండి, భోజనం మా ఇంట్లోనే.